కొండ మీద మంట, మంచం మీద మనిషి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక శేషాచలం కొండల్లో కసువు ఎండటం మొదలవుతుంది. నిలువెత్తు బోదగడ్డి, మోకాలి లోతు రాలుటాకు, వాటి మధ్య ఎర్రచందనం. తొలకరి పడేదాకా ఒక్క బీడీ ముక్క చాలు, కొండంతా రాజుకోవడానికి. అవే కొండల పాదాన, అలిపిరి దారిలో స్విమ్స్ ఉంది. 1986లో పునాది పడి, 1993లో మొదలైన ఈ ఆసుపత్రికి రాయలసీమ అంతా వస్తుంది. గుండెకీ, కిడ్నీకీ, నరాలకీ ఇక్కడికే.

ఎండాకాలం రాత్రుళ్లు రోగుల వెంట వచ్చినవాళ్లు ఆరుబయట చాపలు పరుచుకుంటారు. తలకింద బట్టల సంచి, పక్కన స్టీలు క్యారియరు, గుండెల మీద రిపోర్టుల కవరు. ఏ రాత్రయినా కొండ మీద ఎర్రటి గీత కనబడితే తిరుపతివాళ్లు ఫొటో తీసుకుంటారు. అడవి అంచు పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఇంటికి ఫోన్ చేస్తారు.

"మన కొండేనా? వామి కాడికి వచ్చిందా? గొడ్లను ఇప్పినారా?"

లోపల ఐసీయూలో అయినవాళ్లు, బయట కొండ మీద మంట. ఏది వదిలి ఏది చూసుకోవాలి?

2014 మార్చిలో తిరుమల కొండల్లో పాపవినాశనం, కాకులకొండ వైపు చెలరేగిన మంటలు ఓ పట్టాన ఆరలేదు. రాష్ట్రం అప్పుడు రాష్ట్రపతి పాలనలో ఉంది. అటవీ సిబ్బంది పచ్చికొమ్మలతో కొట్టి కొట్టి అలిసిపోయాక వాయుసేన హెలికాప్టర్లు వచ్చి పెద్ద బకెట్లతో నీళ్లు గుమ్మరించాయి. ఎన్ని ఎకరాలు కాలాయి, ఎర్రచందనం ఎంత పోయింది, భక్తులకు ఇబ్బంది ఉందా అన్నవే అప్పుడు ఎక్కువగా వినిపించిన ప్రశ్నలు. అడగాల్సినవే. కొండకింద ఊళ్లలో మంచాన పడ్డవాళ్లు ఎందరున్నారన్నది కూడా అడగాల్సిందే. దానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

మన మంట కాలిఫోర్నియా మంట కాదు, అది ఒప్పుకోవాలి. 2018 నవంబరులో అక్కడి ప్యారడైజ్ అనే ఊరు కొన్ని గంటల్లో బూడిదైంది. 85 మంది పోయారు, వారిలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. ఊళ్లోని ఆసుపత్రి రోగులను దొరికిన వాహనంలో ఎక్కించి తరలించారు. శేషాచలంలో మంట ఎక్కువగా నేలబారునే పోతుంది. గడ్డినీ ఆకునూ తింటూ రాళ్ల మధ్య పాకుతుంది. ఇళ్లదాకా రావడం అరుదు. కానీ పల్లెవాడి ఆస్తి ఇల్లొక్కటే కాదు కదా. అడవికి ఆనుకుని మామిడి తోట, తోటలో మోటారు వైరు, దొడ్డి వెనక చెనిక్కాయ కట్టె వామి. వామి అంటుకుంటే ఆ ఏడాది గొడ్ల మేత పోయినట్టే. ఆసుపత్రి ఖర్చుకు అమ్ముకోవాలనుకున్నది కూడా ఆ గొడ్లనే అయితే ఇక చెప్పేదేముంది?

మంట రాకపోయినా పొగ వస్తుంది. పొగలో మనకు కనిపించేది మసి. చెరుపు చేసేది కంటికి ఆననిది. తల వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా లేని కణాలు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి. ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్లకు అదే ముప్పు. ముఖానికి తడి తువ్వాలు కట్టుకుంటే చాలని చాలామంది నమ్మకం. అది మసిని ఆపుతుంది గానీ ఆ కణాలను ఆపలేదు. ఎన్‌95 మాస్కు ఆపుతుంది, అయితే ఆయాసం ముదిరినవాళ్లు దాంతో ఊపిరాడక అవస్థ పడతారు, డాక్టరును అడిగే వాడాలి. చిత్రమేమంటే, వందేళ్ల కిందట క్షయ రోగులకోసం మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం కట్టినప్పుడు ఈ సీమ గాలినే మందుగా ఎంచారు.

ఇక ఇంటి సంగతికి వద్దాం. అడవి అంచున ఒక ఇల్లు అనుకోండి. తండ్రికి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. రానుపోను ప్రయాణం కలిపితే రోజు గడిచిపోతుంది. కొడుకు బెంగళూరులో, కోడలు ఇంట్లో. మంగళవారం పొద్దున కొండ అంటుకుంది, అదే రోజు డయాలసిస్. తోటలో మోటారు, దొడ్లో రెండు ఆవులు. ముసలాయన అంటాడు: "నాకేం గాదు మా, ఒక్క దినానికి ఏమవుతాది, నువ్వు గొడ్లను చూడు." ప్రేమతోనే అంటాడు. కానీ ఒక్క దినానికి చాలా అవుతుంది. ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు అక్కడి డయాలసిస్ రోగులమీద జరిపిన పరిశోధనలో నూటికి 44 మంది కనీసం ఒక్క విడత తప్పిపోయారని తేలింది. నీటికైనా నిప్పుకైనా మొదట తెగేది ఆసుపత్రికి వెళ్లే దారే.

ఆ కోడలు వెళ్లినా తప్పే, ఉండిపోయినా తప్పే అనిపిస్తుంది. ఆసుపత్రికి వెళితే "ఇల్లు వదిలేసిపోయింది" అంటారు. ఇంట్లో ఉంటే "మామను పట్టించుకోలేదు" అంటారు. రోగిని చూసుకునే మనిషికి వచ్చే జబ్బు ఇది, స్కానింగులో కనబడదు. నిద్రలేమి, చిరాకు, తర్వాత చిరాకుపడ్డానే అన్న బాధ. దీనికి ధైర్యవచనాలు పనిచేయవు. మనుషులు కావాలి. పక్కింటి పెద్దమ్మ ఆవుల తాళ్లు విప్పి చెరువుకట్ట మీదికి తోలితే, చిన్నాయన తోటకాడ మోటారు ఆపితే, ఆమె ధైర్యంగా బస్సెక్కుతుంది. ఎవరు ఏం చేయాలో మంట వచ్చాక మాట్లాడుకుంటే కుదరదు. మాఘమాసంలోనే, చలి ఉండగానే అనుకోవాలి. రోగిని కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టాలి. ఆయన దగ్గర మంట సంగతి దాచిపెడితే, పొగవాసన పట్టి అంతకు రెట్టింపు భయం ఊహించుకుంటాడు.

సంచి ఒకటి గోడకు తగిలించి ఉంచుకోవాలి. డిశ్చార్జి సమ్మరీ, వాడుతున్న మందుల చీటీ, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు జిరాక్సులు, వారానికి సరిపడా మాత్రలు, చార్జరు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటరు ఉంటే అది కరెంటు పోయిన నిమిషాన ఆగిపోతుంది. మంటలు లైన్ల దాకా వస్తే కరెంటు తీసేయడం మామూలే. అందుకే చిన్న సిలిండరొకటి ఉండాలి, దాని దగ్గర దీపం గానీ బీడీ గానీ ఉండకూడదు. ఇంకో మాట. పొగ కమ్ముకునేదాకా ఆగి 108 కోసం ఎదురుచూడటం కన్నా, కొండ అంటుకుందని తెలిసిన పూటే రోగిని టౌన్లో బంధువుల ఇంటికి చేర్చడం మేలు. మొహమాటపడేంత తీరిక అప్పుడుండదు.

కానీ అంతా ఆ ఇంటిమీదే వేయడం న్యాయం కాదు. అడవి ఎక్కడ అంటుకుందో ఉపగ్రహాలు పట్టేస్తున్నాయి, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి అటవీ అధికారుల ఫోన్లకు మెసేజ్‌లు వస్తున్నాయి. ఏ ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారో, ఎవరు ఆక్సిజన్ మీద ఉన్నారో ఆశా కార్యకర్తకు నోటికొచ్చు. ఈ రెండు సమాచారాలూ ఒకచోట కలవాలి. పెద్ద ప్రాజెక్టేమీ అక్కర్లేదు. చంద్రగిరి, భాకరాపేట, మామండూరు, తలకోన చుట్టుపక్కల అడవి అంచు పల్లెల పేర్లు ఒక కాగితం మీద, ఆ పల్లెల్లో మంచాన ఉన్నవాళ్ల పేర్లు ఇంకో కాగితం మీద. రేంజ్ ఆఫీసులో ఒక ప్రతి, పీహెచ్‌సీలో ఒక ప్రతి. మంట కబురు అందగానే ఒక ఫోన్ కాల్.

ఫిబ్రవరిలో మంట పాకకుండా అడవిలో ఫైర్ లైన్లు గీసేటప్పుడే ఈ జాబితా కూడా రాయించమని తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు మా విన్నపం. మీ ఊరు కొండకింద ఉంటే, వచ్చే గ్రామసభలో ఈ మాట ముందుగా మీరే ఎత్తండి.