చిగిర్చిన మ్రాను

చెట్టును గౌరవింపని మతము మన దేశమున లేదనిన అతిశయోక్తి కాదు. ఆలయమునకు స్థలవృక్షము కలదు. బౌద్ధులకు బోధివృక్షము కలదు. క్రైస్తవ మతమునకు చెట్టెక్కడిదని విద్యార్థులు కొందరడుగుదురు. నిజమునకు క్రైస్తవుల పవిత్ర గ్రంథము చెట్టుతో మొదలై చెట్టుతోనే ముగియుచున్నది. ఆదికాండమునందు ఏదెను తోట నడుమ జీవవృక్షము కలదు. మేలుకీడుల నెఱుకపఱచు వృక్షమును కలదు. ఆ రెండవ చెట్టు పండును తినరాదను ఆజ్ఞను మీరి ఆదాము హవ్వలు తోటను కోల్పోయిరి. కడపటిదైన ప్రకటన గ్రంథము 22వ అధ్యాయమున జీవవృక్షము మరల కానవచ్చును. అది ఏడాదికి పండ్రెండు కాపులు కాయును, దాని ఆకులు జనులకు ఔషధమగును. ఈ రెంటి నడుమ మఱొక చెట్టు కలదు. దానికి వేళ్లు లేవు, ఆకులు లేవు. అదియే సిలువ. రెండు దూలములను అడ్డముగ బిగించిన దానిని చెట్టనుట యెట్లు పొసగును? ఇందులకు సమాధానము మన తెలుగు మాట యొకదానిలో దాగియున్నది.

ఆ మాట మ్రాను. వాడుకలో మాను అందుము. మొక్కై వంగనిది మానై వంగునా అను సామెత నెఱుగని యిల్లుండదు. అచ్చట మాను అనగా ఎదిగిన చెట్టు. కాని నఱకివేసిన కొయ్యను గూడ మ్రాననియే అందురు. భయముచేతనో ఆశ్చర్యముచేతనో కదలక మెదలక నిలిచినవాడు మ్రాన్పడెననుట ఈ రెండవ యర్థమును బట్టియే. ప్రాణమున్న చెట్టునకు, ప్రాణము లేని కట్టెకు ఒకే మాట! తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతముల పిల్లల కిది వింత కాదు. వీధిలో వినెడు తమిళ పదమగు మరం అట్టిదే. వాకిట వేపచెట్టును మరమే, తలుపు చేసిన కొయ్యయు మరమే. మ్రాను, మరం ఒకే ద్రావిడ మూలమునుండి పుట్టిన తోబుట్టువులు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. నాటినుండియు మన పిల్లలు రెండు భాషల నడుమ నలుగుచున్నారని తల్లిదండ్రులు కొందరు చింతింతురు. అయితే ఈ రెండు మాటల చుట్టఱికమును ముందుగ గుర్తింపగలవారు మన పిల్లలే గదా!

ఇక గ్రీకు సంగతి. క్రొత్త నిబంధన ఆ భాషలోనే వ్రాయబడినది. ఎదిగెడు చెట్టునకు గ్రీకున దెంద్రోన్ అను మాట కలదు; క్సులోన్ అనునది ముఖ్యముగ కొయ్యకు చెల్లును. అయినను ప్రకటన గ్రంథము జీవవృక్షమును క్సులోన్ అనియే పేర్కొన్నది. పేతురు, పౌలు సిలువను గూర్చి చెప్పుచు పెక్కు తావుల ఆ మాటనే వాడిరి. ఆదికాండపు ప్రాచీన గ్రీకు అనువాదమునందును ఏదెనులోని చెట్లు క్సులోనులే. కావున గ్రీకు చదువరికి తోటలోని చెట్టును, కొండమీది సిలువయు, కడపటి నగరములోని చెట్టును ఒకే త్రాటికి ముడివడి కనబడును. తెలుగు బైబిలు కర్తలు సిలువ విషయమున ఆ తావులందు మ్రాను అని చక్కగ వేసిరి. జీవమునకు మాత్రము వృక్షమనిరి. తమిళ గ్రంథమునందును ఇదే తీరు: ఒకచోట మరం, ఒకచోట విరుట్చం. సంస్కృత పదము గంభీరమైనదే, కాని దానివలన ముడి విడిపోయినది. జీవపు మ్రాను అనియుండిన బాగుండెడిదని నా తలంపు.

మ్రానునకును శాపమునకును సంబంధము కలదు. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయమున నొక శాసనము: మరణశిక్ష పొందినవాని శవమును మ్రానున వ్రేలాడగట్టినచో రాత్రి అట్లుంచరాదు, ఆనాడే పాతిపెట్టవలెను; ఏలయన అట్టివాడు శాపగ్రస్తుడు. పౌలు గలతీయులకు వ్రాసిన లేఖలో ఈ శాసనమునే యెత్తి, క్రీస్తు ఆ శాపమును తనపై వేసికొని ఇతరులను విమోచించెననెను. విమోచన మనగా వెల చెల్లించి బానిసను విడిపించుట. రెండవ శతాబ్దపు క్రైస్తవాచార్యుడగు ఇరేనియసు దీనిని మఱింత విశదపఱచెను: చెట్టుకడ అవిధేయతవలన పోయినది మ్రానుపై విధేయతవలన మరల లభించెనట. ముల్లును ముల్లుతోనే తీయవలెనను మన పెద్దల మాట ఇచ్చట జ్ఞప్తికి రాకమానదు.

భగవద్గీత 15వ అధ్యాయమునందును ఒక చెట్టు కలదు. వేళ్లు పైకిని కొమ్మలు క్రిందికిని గల అశ్వత్థమది, సంసారమునకు గుర్తు. దానిని అసంగమను శస్త్రముతో నఱకవలెను. అచ్చట ముక్తి చెట్టును నఱకుటలో నున్నది. ఇచ్చట నఱకిన చెట్టు చిగిర్చుటలో నున్నది. రెండును ఒకటేయని తొందరపడి కలిపివేయుట నాకు సమ్మతము కాదు.

కొయ్య చిగిర్చుటను కన్నులార చూడగోరువారు దూరమేగ నక్కఱలేదు. తిరుత్తణిలో రైలెక్కి, అరక్కోణము, తిరువళ్లూరు దాటి చెన్నపట్టణము చేరి, అచ్చటినుండి పరంగిమలైకి పోవలెను. సెయింట్ థామస్ కొండ యనునది ఇదియే. కొండపై దేవాలయమున రాతిలో మలచిన సిలువ యొకటి కలదు. 1547లో పోర్చుగీసువారు అచ్చట దేవాలయమునకై త్రవ్వించునపుడు అది బయల్పడినది. చుట్టును పహ్లవీ లిపిలో, అనగా ప్రాచీన పారసీకుల లిపిలో, శాసనము చెక్కియున్నది. సిలువపై క్రీస్తు దేహము లేదు. పైన పావురము కలదు. బాహువుల కొనలు మొగ్గలు తొడిగినట్లుండును. అడుగున ఆకులు ఇరువైపుల పైకి విచ్చుకొనియుండును. చూచువారికి అది వధ్యస్తంభము కాదు, మొలకెత్తిన మొక్క.

చెట్ల పేర్లలో నొక వినోదము గూడ కలదు. ఒలీవకు మనకు పేరే లేదు. అంజూరము పారసీకమునుండి వచ్చినది. యేసును చూచుటకై పొట్టివాడగు జక్కయ్య యెక్కిన చెట్టు తెలుగున మేడి, తమిళమున కాట్టత్తి. మేడిపండును వేమన యెంత నిందించినను, మేడిచెట్టు ఆ సుంకరికి మేలే చేసినది!

ఈస్టరుకు ముందటి ఆదివారమును తెలుగువారు మట్టలాదివారమందురు. తమిళులు కురుత్తోలై ఞాయిఱు, అనగా లేతాకుల ఆదివారము, అందురు. మనవారి కన్ను మట్టపై పడినది, వారి కన్ను మొవ్వుపై పడినది. యెరూషలేమున జనులు పట్టినవి ఖర్జూరపు మట్టలు. మన సీమలో కొబ్బరియో తాటియో చేతికి దొరకును. కథోలికులు ఆ మట్టలను ఇంట దాచియుంతురు. ఎండిన మట్టలను కాల్చి, ఆ బూడిదను మరుసటి యేడు భస్మ బుధవారమున నుదుట పెట్టుదురు. ఆనాడు మొదలగు ఉపవాసకాలము ముగియు వారమున పచ్చని మట్టలు మరల చేతికి వచ్చును.