చింతపిక్క చెప్పే పాఠం

ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లల్ని "శక్తి నిత్యత్వం అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. శక్తిని సృష్టించలేము, నాశనం చేయలేము, రూపం మాత్రం మార్చగలము అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. "మరి నువ్వు దొర్లించిన బంతి ఆగిపోయిందిగా, దాని శక్తి ఏమైంది?" అంటే మాత్రం "అయిపోయింది" అనేస్తారు. మా అమ్మాయీ అలాగే అంది. "పుస్తకంలో ఉన్నట్టు చెప్పవే" అని నేనూ కసిరాను. మెట్రిక్‌తో చదువు ఆపినదాన్ని, నాకూ అంతే వచ్చు మరి!

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. కరెంటు ప్లగ్గుల జోలికి అసలే పోవద్దు. ఒక చింతపిక్క ఇచ్చి గచ్చుమీద గట్టిగా రుద్దమనండి. వెంటనే ముంజేతికి ఆనిస్తే చురుక్కుమంటుంది. (చిన్నప్పుడు బళ్ళో పక్కపిల్లకి అంటించి మొట్టికాయలు తిన్నవాళ్ళు మనలో ఎందరో!) ఈ వేడి ఎక్కణ్ణించి వచ్చిందని అడిగి ఊరుకోండి. చేయి పడ్డ శ్రమే వేడిగా మారిందన్న మాట పిల్లల నోటే రావాలి.

తరువాత దూలానికి పొడుగాటి తాడుతో చిన్న చెంబు వేలాడదీయండి. పిల్లను గోడకి ఆనించి నిలబెట్టి, చెంబును గడ్డం దాకా తెచ్చి, తొయ్యకుండా ఊరికే వదలమనండి. తల ముందుకు వంచకూడదు సుమా! చెంబు వెళ్ళి తిరిగొస్తుంటే భయంతో కళ్ళు మూసుకుంటారు గాని, అది గడ్డానికి తగలదు. వదిలిన ఎత్తుకు మించి రాలేదు. పైగా ఊగిన కొద్దీ ఇంకాస్త ఇవతలే ఆగిపోతుంది. ఆ కొరత ఎక్కడికి పోయినట్టు? గాలితోనూ, పైన దూలం దగ్గరా రాపిడి పడి, అదీ వేడిగానే మారింది.

"అయితే మజ్జిగ చిలికితే వేడెక్కదేం?" అంది మా అమ్మాయి. మంచి ప్రశ్నే! ఇంగ్లండులో 1818లో పుట్టిన జేమ్స్ జౌల్ అనే ఆయన సరిగ్గా ఇదే పట్టుకున్నాడు. బీరు తయారుచేసే వాళ్ళింటి బిడ్డ. 1840ల్లో నీళ్ళపాత్రలో మన కవ్వం లాంటి తెడ్ల చక్రం అమర్చి, బరువులు కిందికి దిగుతుంటే అది తిరిగేలా చేసి, నీళ్ళు ఎంత వేడెక్కాయో కొలిచాడు. 1 కిలో నీళ్ళు 1 డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కాలంటే, 1 కిలో బరువు సుమారు 427 మీటర్లు దిగినంత పని జరగాలి. అంటే దాదాపు ఆరు కుతుబ్ మీనార్ల ఎత్తన్నమాట! ఇక మన రెండు చేతుల చిలుకుడు కుండెడు మజ్జిగలో ఏం తెలుస్తుంది? చింతపిక్కలో అయితే వేడంతా గోరంత చోటనే పోగుపడుతుంది గనక చురుక్కుమంటుంది.

ఇప్పుడు బంతి ఆగగానే మా అమ్మాయి నేల తడిమి చూస్తోంది. "చేతికి తెలియడం లేదమ్మా, కాని ఇక్కడే ఎక్కడో ఉంది" అంటోంది.