పీటర్ క్రేవెన్

పీటర్ క్రేవెన్ (1934 జూన్ 21 – 1963 సెప్టెంబర్ 24) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ స్పీడ్‌వే మోటారుసైకిల్ క్రీడాకారుడు. 1955, 1962 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచాడు. ఈ ఘనతను రెండుసార్లు సాధించిన తొలి ఆంగ్లేయుడు ఇతడే.

క్రీడా స్వరూపం

స్పీడ్‌వే పందెంలో నలుగురు పోటీదారులు అండాకారపు మట్టిబాటపై గడియారపు ముళ్ళకు వ్యతిరేక దిశలో నాలుగు చుట్లు తిరుగుతారు. 500 సి.సి. ఇంజను గల ఈ వాహనానికి ఒకే గేరు ఉంటుంది, బ్రేకులు ఉండవు. మలుపు వచ్చినప్పుడు వెనుక చక్రాన్ని వెలుపలికి జారనిచ్చి, ముందు చక్రాన్ని కుడివైపుకు త్రిప్పి, ఉక్కు తొడుగు గల ఎడమ పాదాన్ని నేలకు ఆనిస్తూ వాహనాన్ని అదుపు చేయాలి. మొదటి మూడు స్థానాలకు వరుసగా 3, 2, 1 పాయింట్లు లభిస్తాయి.

క్రీడా జీవితం

క్రేవెన్ లివర్‌పూల్ నగరంలో జన్మించాడు. 1950వ దశకం ఆరంభంలో ఈ క్రీడలో ప్రవేశించి, మాంచెస్టర్‌కు చెందిన బెల్ వ్యూ ఏసెస్ జట్టు తరఫున పేరు గడించాడు. పొట్టివాడైనను, శరీరపు బరువును సరియైన క్షణంలో అటూ ఇటూ మార్చుతూ వాహనాన్ని నిలబెట్టగలగడం ఇతని ప్రత్యేకత. అందుచేత అభిమానులు ఇతనిని "సమతౌల్య మాంత్రికుడు" అని పిలిచేవారు.

ఆ రోజులలో ప్రపంచ ఫైనల్ ఒక్క రాత్రిలోనే ముగిసేది. 16 మందిలో ఒక్కొక్కరు ఐదు పందేలలో పాల్గొనేవారు; గరిష్ఠంగా 15 పాయింట్లు సాధించవచ్చు. 1955లో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో క్రేవెన్ 13 పాయింట్లతో తొలిసారి విజేత అయ్యాడు. అప్పటికి ఇతని వయస్సు 21 సంవత్సరాలు. 1957, 1960లలో మూడవ స్థానం పొందాడు. 1962లో మరల వెంబ్లీలోనే 14 పాయింట్లు సాధించి, న్యూజిలాండ్‌కు చెందిన బ్యారీ బ్రిగ్స్, స్వీడన్‌కు చెందిన ఓవ్ ఫుండిన్ వంటి మేటి క్రీడాకారులను అధిగమించాడు.

మరణం

1963 సెప్టెంబర్ 20న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో, ఓల్డ్ మెడోబ్యాంక్ మైదానంలో జరిగిన పోటీలో ముందున్న ప్రత్యర్థిని ఢీకొనకుండా తప్పించబోయి క్రేవెన్ ప్రమాదానికి గురయ్యాడు. బ్రేకులు లేని వాహనంపై ప్రక్కకు మళ్ళడం తప్ప అతనికి వేరు మార్గం లేదు. తీవ్ర గాయాలతో నాలుగు రోజుల అనంతరం, 29వ ఏట మరణించాడు. ఆ సంవత్సరం బెల్ వ్యూ జట్టు జాతీయ లీగ్ విజేతగా నిలిచింది.

స్మృతి

క్రేవెన్ జ్ఞాపకార్థం బెల్ వ్యూలో స్మారక పోటీలు నిర్వహించబడ్డాయి. 2015లో టై వొఫిండెన్ తన రెండవ ప్రపంచ విజయాన్ని సాధించే వరకు, మరి ఏ ఆంగ్లేయుడును క్రేవెన్ సరసన నిలువలేకపోయాడు.