ముద్దాయి పక్షాన ఒక తండ్రి: ‘సుడిగుండాలు’ చిత్రం వెనుక కథ

మా కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కనే నడుస్తాయి. కాని ఒక మాట మాత్రం ఈ రెండు భాషల నడుమ అర్థం మార్చుకున్నది. ఉర్దూలో ‘ముద్దయీ’ అనగా ఫిర్యాది. అదే మాట తెలుగులోనికి వచ్చి ‘ముద్దాయి’ అయి, నేరారోపణకు గురియైన వానికి పేరైనది. న్యాయస్థానంలో ఎదురెదురుగా నిలువవలసిన ఇరువురికీ ఒకే పదం! ఈ విచిత్రాన్ని తరగతిలో వివరించినప్పుడెల్లా మాకు ‘సుడిగుండాలు’ చిత్రం స్ఫురణకు వస్తుంది.

అందులో ఒక న్యాయమూర్తి కుమారుణ్ణి ఇద్దరు యువకులు హత్య చేస్తారు. ఆ తండ్రియే వారి తరఫున వాదించుటకు పూనుకొంటాడు. ఉర్దూ అర్థంలో ముద్దయీ కావలసినవాడు తెలుగు ముద్దాయి పక్షాన నిలిచాడన్నమాట.

ఈ చిత్రాన్ని దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు, నటుడు అక్కినేని నాగేశ్వరరావు కలిసి చక్రవర్తి చిత్ర సంస్థ పేర నిర్మించారు. 1964లో ‘మూగమనసులు’, ‘డాక్టర్ చక్రవర్తి’ చిత్రాలతో ఈ జంట ప్రేక్షకుల మన్నన పొందియున్నది. అదే బాటలో మరొక ప్రేమకథ తీసియుంటే ఎవరూ తప్పుపట్టెడివారు కారు. అయినను వారు నిర్మాతలుగా మారి, యువతలో పెరుగుతున్న నేరప్రవృత్తి వంటి బరువైన విషయాన్ని చేపట్టారు.

ఈ కథకు ఒక నిజమైన కేసుతో స్పష్టమైన పోలిక ఉన్నది. 1924లో షికాగో నగరంలో లియోపోల్డ్, లోబ్ అను ఇద్దరు సంపన్న విద్యార్థులు 14 ఏండ్ల బాలుణ్ణి చంపారు. వారి వయస్సు 19, 18 ఏండ్లు. వారి న్యాయవాది క్లారెన్స్ డారో నేరాన్ని అంగీకరింపజేసి, ఉరిశిక్ష తప్పించుటకై సుమారు 12 గంటలు వాదించాడు. న్యాయమూర్తి వారి వయస్సును గమనించి యావజ్జీవ శిక్షతో పాటు 99 ఏండ్ల ఖైదు విధించాడు. ఈ ఉదంతం ఆధారంగా 1959లో వచ్చిన ‘కంపల్షన్’ అను ఆంగ్ల చిత్రంలో ఆర్సన్ వెల్స్ న్యాయవాదిగా నటించాడు.

షికాగోలో దయను కోరినవాడు పరాయివాడు. తెలుగు చిత్రంలో అట్లు కోరినవాడు కడుపుకోత అనుభవించిన తండ్రి. ఇతరుల గాయాన్ని చూచి క్షమను బోధించుట సులభం. తన గాయంతో బోధించుట దుష్కరం. చిత్రానికి ప్రాణం ఈ ఒక్క మార్పులోనే ఉన్నదని మా అభిప్రాయం.

అఫ్జల్‌గంజ్ నుండి మూసీ దాటితే 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం కనబడుతుంది. అటువంటి అసలు న్యాయస్థానంలో ఇట్లు జరుగుట కష్టమే. తాను సాక్షి కాగల కేసులో న్యాయవాది వకాల్తా పుచ్చుకొనరాదని బార్ కౌన్సిల్ నియమం. కనుక ఈ చిత్రాన్ని న్యాయశాస్త్ర పాఠంగా గాక, సమాజంపై జరిపిన విచారణగా చూడవలెను.

1967 చిత్రాలకు ఇచ్చిన 15వ జాతీయ పురస్కారాలలో ‘సుడిగుండాలు’ ఉత్తమ తెలుగు చిత్రంగా ఎన్నికైనది. 1970లో ఆ ఇరువురే ‘మరో ప్రపంచం’ కూడా నిర్మించారు.

చిత్రం లేవనెత్తిన ప్రశ్న నేటికీ తీరలేదు. 1986 నాటి బాలల న్యాయచట్టం 16 ఏండ్లలోపు బాలురకు, 18 ఏండ్లలోపు బాలికలకు వర్తించినది. 2000లో ఇరువురికీ 18 ఏండ్లు నిర్ణయించారు. 2015 చట్టం ఘోరనేరాలలో 16 నుండి 18 ఏండ్లవారిని, ప్రాథమిక పరిశీలన పిమ్మట, పెద్దలవలె విచారించుటకు వీలు కల్పించినది. అయినను వారికి ఉరిశిక్షను నిషేధించినది. ఆ వయస్సువారే మా తరగతులలో ముందు వరుసలో కూర్చున్నారు!

కావున ఈ చిత్రాన్ని కళాశాలలో ప్రదర్శింపజేసి, ఉభయ భాషలలో చర్చ ఏర్పాటు చేయవలెనని కళాశాల సంఘాన్ని కోరుచున్నాము. విద్యార్థులారా! మీలో కొందరు ముద్దయీ పక్షం, కొందరు ముద్దాయి పక్షం వహించండి. పిమ్మట పక్షాలు మార్చుకొని మరల వాదించండి.