బైబిలు గ్రంథమున దాంపత్యనిష్ఠ

దాంపత్యనిష్ఠను కొనియాడని ప్రాచీన వాఙ్మయము అరుదు. బైబిలు గ్రంథమునందును ఆ ప్రశంస పెక్కు తావుల గలదు. అయితే అందలి హెచ్చరికలను ఉదాహరించువారు తరచుగా వానిని స్త్రీని మందలించుటకే వినియోగించుచుందురు. ఏ వాక్యమునకైనను అర్థము చెప్పుటకు ముందు అది ఎవరిని సంబోధించుచున్నదో చూడవలెనని తెలుగు బోధించు మేము బాలురకు చెప్పుచుందుము. ఆ నియమమును ఇచ్చట పాటించినచో ఒక విశేషము తేటపడును. ఈ హెచ్చరికలు మిక్కిలిగా పురుషుని ఉద్దేశించినవి. అవి గర్హించునది కామమును మాత్రమే కాదు, నమ్మకద్రోహమును.

'వ్యభిచారము' అను సంస్కృతపదమునకు దారి తప్పి చరించుట యని మూలార్థము. దీనిని నిషేధించు ఆజ్ఞ హెబ్రీ మూలమున రెండే మాటలు. నిర్గమకాండము 20వ అధ్యాయమున నరహత్యా నిషేధమునకును చౌర్య నిషేధమునకును నడుమ అది నిలిచియున్నది. లేవీయకాండము 20వ అధ్యాయము పరుని భార్యతో వ్యభిచరించిన పురుషునకును, ఆ స్త్రీకిని ఒకే మరణదండనను విధించినది. అయినను నాటి ధర్మము ఇరువురకు సమముగా లేదు. స్త్రీ పరుని భార్యయైనప్పుడే అది వ్యభిచార మనిపించుకొనెను. పురుషునకు పెక్కుమంది భార్యలుండుట చెల్లెను. ఈ లోటును బైబిలులోని ఇతర భాగములు ఎట్లు సరిదిద్దినవో గమనింపదగినది.

సామెతల గ్రంథమున 31 అధ్యాయములు గలవు. మొదటి 9 అధ్యాయములు చాలవరకు తండ్రి కుమారునకు చేయు ఉపదేశముగా నడచును. అందు 5, 6, 7 అధ్యాయములలో పరస్త్రీవ్యామోహమే ముఖ్యవిషయము. స్త్రీ వర్ణనము అందు కఠినముగనే యున్నది. కాని జాగ్రత్తపడవలసిన భారము వినుచున్న కుమారునిదే. ఆ వ్యామోహము మొదట తేనె, తుదకు చేదు. ఆ చేదునకు మూలమున చెప్పిన మొక్క మన నేలకు పరిచితము కాదు కాబోలు, తెలుగు అనువాదకులు 'ముసిణిపండు' అని వాడిరి. ముష్టిచెట్టు నెరిగినవారికి ఆ చేదును, ఆ విషమును వేరుగా వివరింప నక్కరలేదు. ఆరవ అధ్యాయము వ్యభిచారిని దొంగతో పోల్చును. ఆకలిచే దొంగిలినవాడు ఏడంతలు చెల్లించియైనను బయటపడవచ్చును; పరుని సంసారమును చెరచినవాడు ఏమి యిచ్చినను ఆ ఋణము తీరదు.

ఈ ఉపదేశము భయపెట్టుటతో ఆగదు. అయిదవ అధ్యాయము ధర్మపత్నిని సొంత బావి నీటితో పోల్చి, ఆమెయందే ఆనందింపుమని చెప్పును. నీటి యెద్దడిగల పాలస్తీనాలో సొంత బావి యనగా ప్రాణాధారము. కావున నిష్ఠ యనగా సుఖమును త్యజించుట కాదు, దానిని కాపాడుకొనుట.

రెండు కథలు ఈ భావమునే బలపరచును. ఐగుప్తున దాసుడైయున్న యోసేపు యజమానుని భార్య పిలుపును నిరాకరించుచు, యజమానుడు తన్ను నమ్మి సర్వమును అప్పగించిన సంగతిని ముందుగా చెప్పెను. దేవునియెడల పాపమను మాటను తరువాత పలికెను. దావీదు రాజైయుండియు, యుద్ధమునకు పోయిన ఊరియా భార్యయగు బత్షెబను చేపట్టి, ఆ తప్పును దాచుటకై ఊరియాను పోరున చంపించెను. నాతాను ప్రవక్త పేదవాని గొఱ్ఱెపిల్ల కథ వినిపించి, రాజు నోటనే రాజునకు తీర్పు చెప్పించెను. ఆ ప్రవక్త బత్షెబను నిందించిన మాట ఒక్కటియు లేదు.

మలాకీ ప్రవక్త మరియొక మెట్టు ముందుకు పోయెను. యౌవనమున పెండ్లాడిన భార్యకు ద్రోహము చేసిన పురుషులను అతడు నేరుగా తప్పుపట్టెను. వివాహమును దేవుడు సాక్షిగానున్న 'నిబంధన' యనెను. దేవునకును ప్రజలకును గల ఒడంబడికకు వాడిన హెబ్రీ పదమే ఇది. యేసు దోషమును చేతనుండి చూపునకు జరిపెను. యోహాను సువార్త 8వ అధ్యాయమున వ్యభిచారమున పట్టుబడినదని ఒక స్త్రీని మాత్రమే ఈడ్చుకొనివచ్చిరి. ఇరువురిని పేర్కొన్న ధర్మశాస్త్రము చేతనుండగా పురుషుడు ఎచ్చట? యేసు ఆమెను శిక్షింపలేదు. తప్పును ఒప్పనియు చెప్పలేదు. ఈ ఘట్టము అతిప్రాచీనమగు వ్రాతప్రతులలో లేకున్నను, క్రైస్తవ సంఘములు దానిని భద్రముగా నిలుపుకొన్నవి. భార్యాభర్తలకు ఒకరి దేహముపై ఒకరికి సమానమగు హక్కు గలదని పౌలు కొరింథీయులకు వ్రాసెను.

భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షను వ్యభిచారమునకు పురుషునే శిక్షించెడిది. కాని ఆ స్త్రీ భర్త సమ్మతించినచో నేరమే లేదనెడిది. భార్యను సొత్తుగా చూచిన ఆ నిబంధనమును సర్వోన్నత న్యాయస్థానము 2018లో కొట్టివేసినది. వ్యభిచారము నేటికిని విడాకులకు కారణమగును గాని చెరసాలకు త్రోవ కాదు. దండనభయము తొలగినంతమాత్రమున ఇచ్చిన మాట రద్దుకాదు. ఆ మాటను కాపాడుట ఇరువురకును సమానమగు ధర్మము. దానిని భార్యకు బోధింపబూనిన భర్త ముందుగా తాను ఆచరించి చూపవలెను.