ఒక మొక్క, రెండు పేర్లు



నేను ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో భాష చెప్పినవాడను. చిన్ననాట నాకబ్బిన చదువు అమరము, కావ్యములు, వ్యాకరణము. అట్టివాడు సముద్రపు పాచిని గూర్చి ప్రసంగించుట ఏల యని మీకు తోచవచ్చును. దానికొక కారణము కలదు. విశాఖపట్టణము చెంత సముద్రతీరమున నేను పనిచేయు దినములలో ఒక జాలరి బాలుడు, రాతిమీదినుండి గోకి తెచ్చిన పలుచని పాచిని నాకు చూపెను. అది ఊదా కలసిన ఎఱుపుగా నుండెను. "ఇది కొన్నాళ్లుండి పోతాది మాస్టారూ, మళ్లీ యేడాదికొస్తాది. మద్దిని యెక్కడుంటాది?" అని వాడడిగెను. "పాచి పాచియే, పోయి పాఠము చదువుకొనుము" అని వానిని పంపివేసితిని. ఆ ప్రశ్న యెంత గొప్పదో నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. దానికి ప్రత్యుత్తరము నేడు చెప్పెదను.

నీటి పాచికి అమరకోశమున శైవలమనియు జలనీలి యనియు పేర్లు కలవు. పేర్లు వేరైనను వస్తువొక్కటే యని చిన్నపిల్లలును వల్లెవేయుదురు. కాని సముద్రగర్భమున నొక మొక్కకు రెండు పేర్లుండగా, అవి రెండు మొక్కలని పండితులే యేబదియేండ్లకు పైగా నమ్మిరి. ఆ భ్రాంతి వలన పరదేశమున కర్షకుల పంట దైవాధీనమై యుండెను.

భూమిమీది మొక్కల కులమును పువ్వును జూచి నిర్ణయింతుము. సముద్రపు పాచికి పువ్వు లేదు, కాయ లేదు, విత్తనము లేదు, వేరును లేదు. రాతిని పట్టుకొను పట్టు మాత్రము కలదు. అందుచేత స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు 1753లో వృక్షజాతుల గ్రంథమును వెలువరించినపుడు, ఇట్టివానినన్నిటిని గూఢవివాహములు గలవను వర్గమున జేర్చెను. ఆ గ్రంథములోనే ఆంగ్లదేశపు తీరమున బెరుగు నొక ఎఱ్ఱని పాచికి పేరు పెట్టెను. దానినే నేడు పోర్ఫైరా యందురు. అది ఉల్లిపొర వలె పలుచన. దాని రేకునకు ఒక్క కణము మాత్రమే మందము. వేల్సు ప్రాంతపు జనులు దానిని ఉడికించి భుజింతురు. దాని జ్ఞాతియే జపానువారి నోరి. నోరిని కాగితమువలె నెండబెట్టి, అన్నమునకు జుట్టి తిందురు.

1892లో బ్యాటర్సు అను ఆంగ్ల పండితుడు, సముద్రపు చిప్పలలో దొలుచుకొనిపోయి బ్రతుకు గులాబిరంగు పోగులను వర్ణించి, వానికి కాంకోసెలిసు అని వేరు పేరు పెట్టెను. రేకు రాతిమీద, పోగు చిప్పలోపల. ఈ రెంటికి నేదో చుట్టరికమున్నదని యెవ్వరికి తోచును?

ఇక జపాను దేశపు సంగతి. అచటి కర్షకులు మూడు శతాబ్దములుగా సముద్రపు లోతులేని చోట్ల వెదురుకొమ్మలు పాతి, శరత్కాలమున వానిపై నోరి తనంతట మొలకెత్తునని ఎదురు చూచుచుండిరి. మొలిచిన పంట, లేనిచో పస్తు. మన రైతునకు వరివిత్తు గాదెలో నున్నది. వారి విత్తు ఎచట నున్నదో వారికే తెలియదు. వేసవి వచ్చుసరికి నోరి మాయమగును. 1948 ప్రాంతమున తుపానులు చెలరేగి పంట దెబ్బతిన్నపుడు, తిరిగి విత్తు తెచ్చుకొనుటకు వారికి దారియే లేకపోయెను.

ఆ దారి చూపినది ఆంగ్లదేశపు మాంచెస్టరులోని క్యాథలీను డ్రూ బేకరు అను విదుషి. వివాహిత యగుటచే విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయపదవి పోయినను ఆమె పరిశోధన మానలేదు. ఆమె పోర్ఫైరా రేకులు విడిచిన బీజకణములను చిప్పల పెంకులతో కలిపి పెంచెను. ఆ బీజకణములు మిల్లీమీటరులో నూరవవంతు ప్రమాణము గలవి. వట్టి కంటికి కానరావు. సూక్ష్మదర్శినిలో చూడగా, అవి మొలకెత్తి పెంకులోనికి దొలుచుకొనిపోయి గులాబిరంగు పోగులైనవి. కాంకోసెలిసు వేరు మొక్క కాదు. పోర్ఫైరాకే మరియొక అవస్థ. గొంగళిపురుగు సీతాకోకచిలుక యైనట్లే యిదియును. ఈ సంగతిని ఆమె 1949లో ప్రకటించెను.

చిప్పలోనున్న పోగును చూచుట యెట్లని మీరడుగవచ్చును. సున్నపురాతిపై నిమ్మరసము పడిన బుస్సున పొంగును గదా! చిప్పయును ఆ పదార్థమే. పలుచని ఆమ్లమున నుంచినచో చిప్ప కరగిపోయి పోగులు మిగులును. వానిని గాజుపలకపై నీటిబొట్టులో నుంచి, పైన పలుచని గాజురేకు గప్పి, సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూతురు. పూర్వము చూచినదానిని చేతితో చిత్రించెడివారు; నేడు యంత్రమే ఛాయాచిత్రము తీయును. నీలపు వెలుగు ప్రసరింపజేసిన, మొక్కలోని హరితము ఎఱ్ఱగా వెలుగును. దానిచే చిప్పలో దాగిన పాచిని గుర్తుపట్టవచ్చును.

డ్రూ బేకరు చెప్పిన మాట జపానునకు చేరగానే అచటి శాస్త్రజ్ఞులు తొట్లలో చిప్పలు పరచి, వేసవియంతయు వానిలో నోరిని పెంచిరి. శరత్కాలమున నీరు చల్లబడి పగలు తగ్గగా, చిప్పలలోని పోగులు బీజకణములను విడిచినవి. వానిని వలలకు పట్టించి సముద్రమున గట్టిరి. పంట కర్షకుని వశమైనది. ఆమె 1957లో గతించెను. జపాను దేశమును కన్నులార చూడనే లేదు. అయినను 1963లో కుమమోతో ప్రాంతపు ఉతో పట్టణమున ఆమెకు స్మారకశిల నిలిపిరి. ఏటేట ఏప్రిలు 14వ తేదీన అచట ఆమెను స్మరించుచున్నారు.

ఆ 1963లోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులగు ఉమామహేశ్వరరావు, శ్రీరాములుగారలు విశాఖతీరమున పోర్ఫైరా యున్నట్లు ప్రకటించిరి. నా విద్యార్థి తెచ్చిన పాచియు నట్టిదే యని నా నమ్మకము.

ఈ కథవలన మనము గ్రహింపవలసినదొకటి కలదు. తీరమును కాపాడవలెనన్న, కంటికి కనబడు రాళ్లను లెక్కించినంత మాత్రమున చాలదు. గుల్లసున్నమునకు పనికివచ్చునని మనమెంచు చిప్పయే ఒక పాచికి గాదె కావచ్చును. ఆ చిప్పలన్నియు తీసివేసి, రాతిమీద పాచి యేల మొలువలేదని విచారించిన ఏమి లాభము?

పేరు పెట్టుటతో జ్ఞానము ముగియదు. 2011లో శాస్త్రజ్ఞులు జన్యువులను పోల్చి, పోర్ఫైరాలోని పెక్కు జాతులను తీసి పైరోపియా యను మరియొక ప్రజాతిలో చేర్చిరి. దిద్దుకొనుట విద్యకు అవమానము కాదు.

నేనును నా తప్పు దిద్దుకొనుచున్నాను. నాయనా, నీవడిగిన పాచి మధ్యకాలమున చిప్పలోపల, సన్నని గులాబిరంగు పోగై బ్రతుకుచుండును. ఈ మాట ఆనాడే చెప్పలేకపోతిని. ఈ మాటలు వినుచున్న పెద్దలారా, మీ మనుమలు ఇట్టి ప్రశ్న యడిగినచో, నావలె వారిని పంపివేయకుడు.