చావు పక్కింటికొస్తే

"కరోనా మరణాల లెక్క రోజూ చూపిస్తే చాలు, జనం వాళ్లే టీకాకు పరిగెత్తుకొస్తారు" అనే మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వింటుంటాను. 2021 ఏప్రిల్‌లో టీవీ నిండా ఆ లెక్కలే కదా! వాటికి చలించనివాళ్లే, మొన్నటిదాకా అరుగు మీద పేపరు చదివిన పెద్దాయన ఆక్సిజన్ అందక పోయాడని తెలియగానే ఆధార్ కార్డు పట్టుకుని పీహెచ్‌సీకి బయల్దేరారు. ఎంత సులువుగా గుర్తొస్తే అంత తరచుగా జరుగుతుందని మనసు లెక్కగడుతుందని మనస్తత్వవేత్తలు ట్వర్‌స్కీ, కానెమన్ 1973లోనే చెప్పారు.

పక్కింట్లో దొంగలు పడితే మన తలుపుకు కొత్త తాళం కొంటాం. కానీ ఆవేళ ఊరంతా కొంటుంది గనక కొట్లో తాళాలుండవు. టీకా కథా అంతే: మేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డోసులు చాలక, మొదటి డోసు ఆపి రెండో డోసు వాళ్లకే వేసిన రోజులున్నాయి. దొరికినా ఈ తాళం బిగుసుకోవడానికి రెండు వారాలు పడుతుంది. పైగా, తాళం వేసిన ఇంట్లోనూ దొంగలు పడ్డారని తెలిస్తే?

కథ అడ్డం తిరిగేది అక్కడే. తమిళ నటుడు వివేక్ ఏప్రిల్ 15న టీకా వేయించుకున్నారు, 17న గుండెపోటుతో పోయారు. సంబంధం లేదని డాక్టర్లు చెప్పినా భయం ఆగలేదు. కాస్త ఓపిగ్గా లెక్క వేద్దాం. లక్షమంది ముసలివాళ్లలో, కరోనా లేని మామూలు ఏడాదిలోనే వెయ్యికి 40 మంది చొప్పున పోతారనుకోండి. ఏడాదికి 4,000. రోజుకు 11. వారానికి 70 పైచిలుకు. వాళ్లందరికీ సోమవారం పొద్దున సిరంజితో ఉత్త నీళ్లు ఎక్కించినా, వచ్చే సోమవారానికి 70 ఇళ్లలో "సూది వేశాకే పోయాడు" అంటారు. ఆ ఇళ్లకీ ఇరుగుపొరుగు ఉంటారు. టీకా వల్ల బతికినవాడి కథ మాత్రం ఎవరూ చెప్పుకోరు. జబ్బు ముదరలేదు, అందులో చెప్పడానికేముంది?

అసలు దగ్గరి చావు టీకా వైపే నెడుతుందని ఎవరన్నారు? ఏదో ఒకటి చెయ్యమని తొందరపెడుతుందంతే. అదే మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలమంది ఎగబడితే పంపిణీ ఆపించాల్సొచ్చింది. కరోనా రాకూడదని అంత గుంపులో దూరడం నాకిప్పటికీ కొరుకుడు పడదు.

జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సరుకు వచ్చింది, భయమింకా ఆరలేదు. అయితే అప్పట్లో కోవిషీల్డ్ డోసుల మధ్య ఎడం 12 నుంచి 16 వారాలు ఉండేది. మళ్లీ వంతు వచ్చేసరికి వీధిలో సంతాపం ఫ్లెక్సీలు పోయి పెళ్లి ఫ్లెక్సీలు లేచాయి. గడువు దాటినా రెండో డోసుకు రానివాళ్లు అక్టోబరు ఆఖరుకు దేశంలో 10 కోట్లకు పైనే. నవంబరులో ఆశా వర్కర్లు జాబితాలు పట్టుకుని ఇంటింటికీ తిరగాల్సొచ్చింది.